రెండు టిక్కులు

స్విచ్ నొక్కగానే కంప్యూటర్ మూడుసార్లు కూసి ఊరుకుంది.

ఫ్యాన్ తిరుగుతోంది. తెర మాత్రం నల్లగానే ఉంది.

టైపిస్టు నెత్తి కొట్టుకుంది. గిరాకీ మొదలవకముందే దుమ్ము దులుపుదామని పొద్దున్నే పెట్టె విప్పింది. లోపలి భాగాలు ఒక్కొక్కటే ఊడదీసి, మెత్తటి బ్రష్షుతో తుడిచి, ఎక్కడివక్కడే పెట్టింది. అంతే.

"శుభ్రం చేస్తే చెడిపోవడమేంటి, నా ఖర్మ కాకపోతే!"

అప్పుడే వచ్చాడు పెద్దాయన.

"నా దరఖాస్తు ప్రింటు తీసిస్తారా అమ్మా? ఐదింటికల్లా ఆఫీసులో ఇచ్చేయాలి. ఇవాళే ఆఖరు."

ఆయన చేతులు రెండూ ఎప్పుడూ వణుకుతూనే ఉంటాయి. వాటి వైద్యానికి సాయం కోరుతూ పెట్టుకునే దరఖాస్తు అది. ఆయన చెబుతుంటే ఆమే టైపు కొట్టింది.

కొట్టిందే గానీ, ఏం కొట్టిందో ఆమెకి తెలియదు. అక్షరం చూడాలి, అర్థం చూడకూడదు, అర్థం చూస్తే వేళ్లు ఆగిపోతాయి అంటుంది. పెళ్లి పత్రికైనా, విడాకుల నోటీసైనా ఆమె వేళ్లకి ఒకటే వేగం.

"కంప్యూటర్ లేవట్లేదు బాబాయ్ గారూ. వేరే షాపులో కొట్టించుకోండి."

"నాలుగు పేజీలమ్మా. నా నోరు కూడా చేతుల్లాగే నెమ్మది. మీకు చెప్పడానికే రెండు రోజులు పట్టింది."

ఆమె విసుగ్గా మళ్లీ స్విచ్ నొక్కింది. మళ్లీ మూడు కూతలు.

పెద్దాయన కళ్లు మూసుకుని, తల కాస్త పక్కకి వంచి విన్నాడు.

"ర్యామ్ సరిగా కూర్చోలేదమ్మా. ఆ పొడుగాటి సన్న పలక. తీసి, మళ్లీ పెట్టి నొక్కండి. రెండు చివర్లా టిక్ మనాలి."

"నొక్కానండీ."

"భయపడి నొక్కి ఉంటారు. భయపడితే కూర్చోదు."

ఆమెకి ఒళ్లు మండింది.

"మొన్న మంచినీళ్ల గ్లాసు పట్టుకోలేక నా బల్లంతా తడిపేశారు. ఇప్పుడు కంప్యూటర్ బాగుచేస్తారా?"

"నేను ముట్టుకోనమ్మా. పక్కన నిలబడి చెబుతాను. మీరే నొక్కండి."

"వద్దు బాబాయ్ గారూ. సలహాలకేం, దారిన పోయేవాళ్లంతా ఇస్తారు. నేను నొక్కితే విరిగిందనుకోండి, ఉన్నదీ పోతుంది. మెకానిక్ వస్తున్నాడు, కూర్చోండి."

ఆయన వెనక్కి తిరిగాడు. బయట బల్ల మీద కూర్చుని, ఒక చేత్తో ఇంకో చేతిని పట్టుకున్నాడు.

పన్నెండు అయింది. మూడు అయింది. మెకానిక్ ఫోన్లో "దార్లో ఉన్నానక్కా" అని మూడుసార్లు అన్నాడు.

నాలుగున్నరకి పెద్దాయన గుమ్మంలోకి వచ్చాడు.

"ఒక్కసారి నొక్కి చూస్తారా అమ్మా?"

ఆమె తలెత్తకుండానే అంది. "వచ్చే ఏడాది మళ్లీ పెట్టుకోవచ్చుగా బాబాయ్ గారూ. కొంప మునిగిపోదు."

"వచ్చే ఏడాదికి ఈ చేతుల్లో చెంచా కూడా నిలవదమ్మా" అన్నాడాయన, కోపం లేకుండా.

చెప్పులు వేసుకోవడానికి చాలాసేపు పట్టింది. తర్వాత వెళ్లిపోయాడు.

ఆరు కావస్తుండగా మెకానిక్ వచ్చాడు. పెట్టె విప్పి, ర్యామ్ బయటికి తీసి, తిరిగి పెట్టి, రెండు బొటనవేళ్లతో నొక్కాడు.

టిక్. టిక్.

ఒక్క కూత కూసి తెర వెలిగింది. నిమిషం పట్టలేదు.

"భయపడి నొక్కారా అక్కా? భయపడితే కూర్చోదు."

ఆమె ఉలిక్కిపడి బయటి బల్ల వైపు చూసింది. అక్కడ ఎవరూ లేరు.

అన్నీ సరిగా ఉన్నాయో లేదోనని పెద్దాయన దరఖాస్తు తెరిచింది. నాలుగు పేజీలూ చెక్కుచెదరకుండా ఉన్నాయి.

స్క్రూలు బిగిస్తున్న మెకానిక్ తెర వైపు చూసి ఆగిపోయాడు.

"మా మాస్టారి పేరు ఇక్కడుందేంటక్కా?"

ఆమె మొదటిసారి అక్షరాలు వదిలి అర్థం చదివింది. వృత్తి అన్న గడిలో, మొన్న తన వేళ్లే ఒక్క తప్పూ లేకుండా కొట్టిన మాటలున్నాయి: 'కంప్యూటర్ మరమ్మతు నేర్పే పని, ముప్పై ఒక్క ఏళ్లు.'