కూతలకు పెద్దదిక్కు

అడవిలో పిట్టలకు అపాయం తెలిపే కూతలన్నీ గోరింక కట్టినవే. పాము కూత వింటే పిట్టలు పైకెగిరేవి, డేగ కూత వింటే కింద పొదల్లో దూరేవి. ఎవరైనా కూసుకోవచ్చు, కొత్తవి చేర్చుకోవచ్చు అనేది గోరింక.

నేర్పీ నేర్పీ దాని గొంతు పోయింది. బావురుపిల్లి వచ్చి, "గోరింకమ్మా, రోజూ పళ్లు నేను తెచ్చిపెడతాను. ఈ కూతలు నాకప్పగించు. కూయడం ఎప్పటిలాగే ఉచితం. కొత్త కూత మాత్రం నన్నడిగే చేర్చాలి," అంది. గోరింక సరేనంది.

వానలు మొదలయ్యేసరికి పిచ్చుక గూడు ఖాళీ అయింది. అది ఏడ్చుకుంటూ బావురుపిల్లి దగ్గరికే వెళ్లి, "బావురుపిల్లి వస్తోందని చెప్పే కూత ఒకటి కావాలండి," అంది.

"మంచి ఆలోచనే. పరిశీలిస్తాం," అంది బావురుపిల్లి, పొదలోంచి మూతి తుడుచుకుంటూ. "అందాకా డేగ కూతతో సర్దుకోండి."