కోనెం పులుసులో మామిడికాయ

“నాను కొయ్యను బాబూ,” అంటూ సోములమ్మ మామిడికాయను కత్తిపీట పక్కన పెట్టేసి లేచి నిలబడింది.

అరకులోయ స్టేషన్ రోడ్డులో ‘అలలు సీ ఫుడ్’ అని బోర్డు తగిలించిన రేకుల షెడ్డు అది. అలలు చూడాలంటే కొండ దిగి మూడు గంటలు పోవాలి. అయినా ఎందుకో గాని, కొండెక్కగానే టూరిస్టులకు సముద్రపు చేప మీదికి మనసు పోతుంది. అందుకే హోటలు యజమాని రవిబాబు రోజూ విశాఖ నుంచి కిరండూల్ రైల్లో ఐసుపెట్టె తెప్పిస్తాడు. వండేది సోములమ్మ. జనం వచ్చేది ఆమె చేతి పులుసు కోసమే.

ఇవాళ వచ్చినాయన సర్వేశ్వరరావు. విశాఖలో పెద్ద ఆఫీసరు. మెడలో కెమెరా, వెనక భార్య రాజకుమారి. మామిడికాయ పడని కోనెం చేప పులుసు పులుసే కాదని ఆయన సిద్ధాంతం. అది నిలబెట్టుకోవడానికి ఏకంగా వంటింటి గుమ్మంలోకే వచ్చేశాడు.

“పెరట్లో చెట్టునిండా కాయలున్నాయి. ఒక్కటి తరిగి వెయ్యడానికి ఏం రోగం?”

“మామిడి కొత్త పండగ ఇంకా అవనేదు బాబూ. కొత్త కాయ ముందు కొండదేవతకి పెట్టాల. పెట్టకండా తరిగితే ఊరోళ్లు నన్ను పండగలో కలపరు. దేవత ఊరుకోదు. సింతపండేసి సేత్తాను, తినండి.”

సర్వేశ్వరరావు పగలబడి నవ్వాడు.

“విన్నావా రాజీ? కాయకి పండగట! రెండువేల మూడో సంవత్సరంలో ఉన్నాం. మనిషి చంద్రుడి మీద నడిచి ముప్పయ్యేళ్లు దాటింది. వీళ్లింకా మామిడికాయకి దేవత పర్మిషన్ కోసం కూర్చున్నారు!”

“పోనిద్దురూ, చింతపండుతోనే చెయ్యనివ్వండి,” అంది రాజకుమారి.

“నువ్వూరుకో. ఈ మూఢనమ్మకాలు వదిలిస్తే గాని ఏజెన్సీ బాగుపడదు.” రవిబాబు వైపు తిరిగాడు. “వచ్చేవారం మా స్టాఫ్ రెండు బస్సుల్లో వస్తున్నారు. భోజనాలు నీ దగ్గరే అనుకున్నాను. ఇక్కడ వంటమనిషి మాటే చెల్లుబాటయితే ఇంకో హోటలు చూసుకుంటాం.”

రెండు బస్సులు అనేసరికి రవిబాబుకు లేని పౌరుషం వచ్చింది.

“ఏటే సోములమ్మా, పెద్దోరు అడిగితే ఈ మంకుపట్టేటి? బేగి కొయ్యి. నేదంటే రేపట్నించి రాకు.”

సోములమ్మ ఇంట్లో నెల తిరిగేసరికి జీతం తెచ్చేది ఆమె ఒక్కతే. కాసేపు కాయ వైపు చూసింది. కిటికీలోంచి కనబడుతున్న కొండకు దండం పెట్టింది. “తప్పయిపోనాది తల్లీ,” అంటూ కత్తిపీట ముందు కూలబడింది. ముక్కలు తరుగుతున్నంతసేపూ ఏడుస్తూనే ఉంది.

“చూశావా, పులీ రాలేదు, పిడుగూ పడలేదు,” అన్నాడు సర్వేశ్వరరావు. ఆ ఏడుపును ఒక ఫొటో కూడా తీసుకున్నాడు. ఆ తరవాత బల్ల దగ్గర తీరిగ్గా కూర్చుని, ఆదివాసీలకు చదువెంత అవసరమో భార్యకు విడమరిచి చెప్పాడు. ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

అరగంటకు పులుసు వచ్చింది. దాని ఘుమఘుమకు పక్కబల్లవాళ్లు కూడా ఇటు తిరిగి చూశారు. సర్వేశ్వరరావు అన్నం కలిపి, ముక్క తుంచి, ముద్ద నోటిదాకా తెచ్చి ఆగాడు.

“ఇంతకీ చేప ఎప్పటిదయ్యా? నిన్నటిది కాదు కదా?”

“ఎంతమాట సార్! ఈ పొద్దు రైలుకే దిగింది. నిన్నటి సరుకు నిన్న సంత జనానికే సరిపోనేదు.”

“సంతా? ఇక్కడ సంత శుక్రవారం కదూ?” అంది రాజకుమారి.

“అవునమ్మా. నిన్ననే అయ్యింది.”

సర్వేశ్వరరావు ముద్దను కంచంలో పడేసి, కంచాన్ని అవతలికి నెట్టేసి, కుర్చీ పడిపోయేలా లేచాడు.

“ఏటయింది సార్? పులుపు సరిపోనేదా?” రవిబాబు కంగారుపడ్డాడు. సోములమ్మ కూడా కళ్లు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది.

సర్వేశ్వరరావు ఎడమచేత్తో టపటపా లెంపలేసుకున్నాడు.

“ఊళ్లు తిరుగుతూ వారాలే మర్చిపోయానయ్యా! ఇవాళ శనివారం, వెంకన్నబాబు వారం. నీచు ముడితే దేవుడు ఊరుకుంటాడా?”