పసుపు టేపు

దగ్గరకు జరగండర్రా. ఆ టీవీ గొంతు కాస్త తగ్గిస్తే, రాజోలు సత్యవేణి సంగతి చెబుతాను.

ఆమె మొగుడు నూకరాజు మస్కట్‌లో పైపుల పనివాడు. కొన్నాళ్లుగా ఫోను లేదు, కబురు లేదు.

ఓ పొద్దున్న సత్యవేణి బోరింగు ఎంత కొట్టినా నీళ్లు పడలేదు. అంతలో గుమ్మం దగ్గర ఎవరో దగ్గారు.

"లాజరంటారండి. మాది తాటిపాక. నూకరాజూ నేనూ అక్కడ ఒకే గదిలో ఉండేవాళ్లం. ఇది మీకిమ్మన్నాడండి."

సంచిలోంచి పైపు రెంచి తీశాడు. పిడికి పసుపు టేపు చుట్టి ఉంది.

"ఫోను చెయ్యడేం?"

"ఎడారిలో పనండి. సిగ్నలుండదు." తల దించుకునే చెప్పాడు.

"పెళ్లానికి ఇనప ముక్క పంపేడా!" అంది గానీ, ఆమె ముఖం విచ్చుకుంది.

లాజరు బోరింగు మీద చెయ్యి వెయ్యలేదు. ఆమె చేతే విప్పించాడు.

"మీరే చేసెయ్యొచ్చుగా అన్నయ్యగారూ?"

"నేను రోజూ ఉండనుగదండి చెల్లెమ్మా. రెంచి దవడ ముందు బిగించండి. అప్పుడు తిప్పండి. ఆయ్, అదీ!"

అరిగిన వాషరు మార్చగానే నీళ్లు దూకాయి.

ఆ తర్వాత టెస్టరు వచ్చింది. కటింగ్ ప్లయరు వచ్చింది. సుత్తి వచ్చింది. అన్నిటికీ పసుపు టేపే. మస్కట్ నుంచి దిగేవాళ్ల చేత నూకరాజే పంపుతున్నాడనేవాడు లాజరు.

"దుకాణంలో మెరిసే పెట్టె చూసి కొనెయ్యకండి. సుత్తి ఎత్తి చూడండి. బరువు తలలో ఉండాలి, పిడిలో కాదు."

సత్యవేణి వీధంతా చెప్పుకుంది, "మా ఆయనకి నా మీద ఎంత బెంగో!"

పక్కింటి వీరాయమ్మ టేపు ఊడదీసి చూసింది. లోపల తుప్పు.

"ఇవి కొత్తవేంటే పిచ్చిదానా? మీ ఆయన పంపినవి ఆ లాజరు అమ్ముకుని, పాత ఇనుము నీ మొహాన కొట్టేడు."

మళ్లీ లాజరు వచ్చినప్పుడు సత్యవేణి వీధిలోనే నిలేసింది.

"అన్నయ్యా అన్నాను గదయ్యా! నా మొగుడు పంపినవి నాకు దక్కకుండా కాజేస్తావా? తుప్పు కనబడకుండా టేపు చుడతావా?"

లాజరు చేతిలో ఉన్న సామాన్ల సంచి అరుగు మీద పెట్టాడు.

"ఆయ్... తప్పేనండి."

మళ్లీ రాలేదు.

మస్కట్ నుంచి మరిది వరస వీరబాబు సెలవు మీద వచ్చాడు. సంచిలో పసుపు టేపు చుట్టిన సామాన్లు చూసి ఆగిపోయాడు.

"ఇవి లాజరువి గదా వదినా! క్యాంపులో సామాన్లు కలిసిపోకుండా తలో రంగు టేపు చుట్టుకుంటాం. నూకరాజన్నయ్యది ఎరుపు."

"మరి మీ అన్నయ్య?"

"నీకు తెలీదా? అక్కడ ఇంకో ఆవిడతో కాపురం పెట్టేశాడు. ఆ కబురు నీకు చెప్పమని లాజరుకే అప్పజెప్పేడు."

సత్యవేణి తాటిపాక పరుగెత్తింది. లాజరు ఇంటికి తాళం.

"సామాన్లు లేని మేస్త్రీని పనికెవరు పిలుస్తారండీ?" అంది ఎదురింటావిడ. "కూలికి పోయేడు. ఎక్కడికో తెలీదు."

ఇప్పుడా వీధిలో ఎవరి బోరింగు ఆగినా సత్యవేణే బాగుచేస్తుంది.

మీరు ఈ సంగతి ఎవరికి చెప్పినా ఇది మాత్రం మరవకండర్రా: నూకరాజు పంపింది "నాకోసం చూడొద్దు" అన్న ఒక్క మాటే, ఆ మాట నోట రాక, లాజరు తన బతుకుతెరువంతా ఒక్కొక్కటిగా తెచ్చి ఆ గుమ్మంలో పెట్టాడు.