బాడిగకు తెచ్చిన నీళ్ళద్దం

రామేశ్వరం సముద్రపు ఒడ్డున, అత్తగారి తరఫు చుట్టాలంతా చుట్టూ నిలబడి చూస్తుండగా బాలచంద్ర గుడ్డమూట విప్పాడు.

ముఖానికి కట్టుకునే రబ్బరు పట్టీ అద్దం ఉంది. ఊపిరి పీల్చుకునే గొట్టం లేదు.

మూట దులిపాడు. సంచీ బోర్లించాడు. మూరెడు గొట్టం జేబులో పడుతుందన్నట్టు చొక్కా జేబులు కూడా తడుముకున్నాడు.

"ఏం బావా, చేపలన్నీ నీకోసం కాసుకోనుండాయి" అన్నాడు బావమరిది ముద్దుకృష్ణ.

అందరూ నవ్వారు. కొత్త పెళ్ళాం కాంచన కూడా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. బాలచంద్రకు తల కొట్టేసినట్టయింది.

తన ఊరు చింతామణిలో రైలెక్కిన దగ్గర్నుంచీ అతనివి ఒకటే కోతలు. దీవి చేరగానే నీళ్ళలో తల ముంచి, గొట్టం పైకి పెట్టుకుని, గంటసేపు సముద్రం అడుగు చూస్తానన్నాడు. పత్రికలో ఎవరో తెల్లదొర బొమ్మ చూసిన నాటినుంచి పట్టిన పిచ్చి అది. తనకు ఈత రాదన్న సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఒక్కగానొక్క కొడుకని తల్లి సులోచనమ్మ అతణ్ణి ఏనాడూ బావి గట్టు ఎక్కనివ్వలేదు.

ఆ అద్దం మునిశామప్పది. ఎక్కడివాడో చింతామణిలో ఎవరికీ తెలియదు. తూత్తుకుడి సముద్రంలో శంఖాలు తీసేవాడట. రెండేళ్ళ కిందట వచ్చి, మురుగమల్ల దారిలో ఒక గది తీసుకున్నాడు. బావుల్లో పడిన బిందెలు, చెంబులు, ఒక్కోసారి ముక్కుపుడకలు కూడా మునిగి తీసి ఇచ్చేవాడు.

బాడిగకు అడగబోయిన రోజు గొట్టాన్ని బాలచంద్ర కళ్ళారా చూశాడు.

"ఈత వస్తాదా అప్పా?" అని అడిగాడు మునిశామప్ప.

"ఓ, బ్రహ్మాండంగా" అన్నాడు బాలచంద్ర.

"సరే. ప్రయాణం నాటికి తుడిచి ఇంటికి తెచ్చిస్తా."

అన్నట్టే తెచ్చిచ్చాడు. బాలచంద్ర అప్పుడు అంగట్లో ఉన్నాడు. మూట సులోచనమ్మే అందుకుని సంచీలో పెట్టింది. అంటే గొట్టం ముందే దాచేసుకుని, బోడి అద్దం అంటగట్టాడన్నమాట. నమ్మించి నట్టేట ముంచడమంటే ఇదే కదా అని తిరుగు దారి పొడుగునా కుమిలిపోయాడు బాలచంద్ర.

ఊరు చేరిన మరునాడే మునిశామప్ప అద్దం కోసం అంగడికి వచ్చాడు.

"గొట్టం యాడ?"

మునిశామప్ప అద్దం కోసం చెయ్యి చాచాడు.

"అమ్ముకుంటివా?"

"లేదప్పా."

"మరేమాయె?"

"అది నన్ను అడగొద్దప్పా. బాడిగ నాకొద్దు. అద్దం ఇచ్చేయి, పోతా."

"బాడిగే వద్దంటాండాడంటే ఏందో ఉండాది" అన్నాడు పక్క అంగడి నంజప్ప.

జనం మూగారు. కొడుక్కి అన్నం తెచ్చిన సులోచనమ్మ అంగడి తలుపు చాటునే నిలబడింది. బాలచంద్రకు కోపం నషాళానికి ఎక్కింది.

"నా తలమీద చెయ్యి పెట్టి చెప్పు, గొట్టం ఏం చేసినావో" అంటూ తల వంచాడు.

తలమీద చెయ్యి పెట్టి అబద్ధమాడితే ఆ తలకే కీడు. అది తెలియనివాడు ఆ బజార్లో లేడు.

మునిశామప్ప రెండడుగులు వెనక్కి వేశాడు. చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"అది మాత్రం వద్దప్పా."

అంతకన్నా రుజువేం కావాలి?

"దొంగ" అన్నాడు బాలచంద్ర. అద్దం ఎత్తి నేలకు కొట్టాడు.

మునిశామప్ప వంగి, ఎవరి కాళ్ళకూ గుచ్చుకోకుండా గాజు ముక్కలన్నీ ఏరి, పంచె కొంగులో వేసుకుని వెళ్ళిపోయాడు.

చీకటి బావి అడుగున ఏం దొరికిందో దిగినవాడికే తెలుసు. దొంగ అన్న మాట పడ్డవాణ్ణి ఎవరు దించుతారు? ఎదురింటి వనజమ్మ చెవి కమ్మ బావిలో పడితే నీళ్ళన్నీ తోడించుకుంది కానీ అతణ్ణి పిలవలేదు. నెల తిరగకుండా మునిశామప్ప గది ఖాళీ చేసి బస్సెక్కాడు.

రెండు రోజుల తర్వాత భోజనాల దగ్గర కాంచన ఆ సంగతి చెప్పింది.

"పీడా పోయింది" అన్నాడు బాలచంద్ర.

సులోచనమ్మ వడ్డించడం ఆపేసింది.

"అట్లనొద్దు నాయనా. ఆ గొట్టం నా దగ్గరుండాది."

బాలచంద్ర ముద్ద విస్తట్లోనే వదిలేశాడు.

"నీకు ఈత రాదని ఆయప్పకు నేనే చెప్పినా. గొట్టం ఉంటే నువ్వు లోపలికి పోతావని, బతిమాలి తీయించుకుంటి. మీరు వచ్చినాక ఇచ్చేద్దామనుకుంటి. అంతలోనే నువ్వు రచ్చకెక్కితివి."

"తలుపు చాటునుండి అంతా వింటాంటివి కదమ్మా. నోరు తెరవకపోతివే."

"మీ అత్తోళ్ళకు తెలిస్తే నీకు నామోషీ అని..."

కన్నతల్లే మోసం చేసిందని బాలచంద్ర కడుపు మండిపోయింది. ఆ మంటలోనే ఇంకో మాట అడిగాడు.

"సరే, నువ్వు చెప్పకపోతివి. ఆయప్పకేమాయె? అంతమంది ముందర దొంగ అనిపించుకునే బదులు, మీ యమ్మే తీసుకునిందని అనొచ్చు గదా?"

సులోచనమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"ఎట్లంటాడు? నోరు తెరిస్తే నీకే కీడని, నీ తలమీద ఒట్టు వేయించుకుంటి."

బాలచంద్ర ఎంగిలి చేత్తోనే వీధిలోకి పరుగెత్తాడు. బస్సు ఎటు పోయిందో చెప్పేవాళ్ళు కూడా లేరు.

ఊరంతా దొంగ అన్నా నోరు విప్పకుండా, తనను దొంగ అన్నవాడి తలనే కాపాడుకుంటూ వెళ్ళిపోయాడు మునిశామప్ప.