బెదరని గుర్రం

"బెదరదంటే ఎట్ల నమ్మాలె తమ్మీ? కోదాడల గూడ గిట్లనే అన్నరు."

స్వరూప కూతురు రమ్య చెయ్యి వదలకుండానే అడిగింది. మిర్యాలగూడ శివారులో గుర్రపు స్వారీ నేర్పే చోటు అది. ఎదురుగా తెల్లగుర్రం తీరిగ్గా గడ్డి నములుతోంది. రమ్య కళ్లు దాని మీదే ఉన్నాయి.

సూర్యాపేటలో స్వారీ నేర్పేవాళ్లు లేరని మొదట కోదాడ వెళ్లారు. ఆ సంగతి తలుచుకుంటే స్వరూపకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. గుర్రం పరమ సాధువని నమ్మబలికి పిల్లను ఎక్కించారు. రోడ్డు మీద లారీ హారన్ కొట్టగానే అది అడ్డదిడ్డంగా పరుగెత్తింది. రమ్య కిందపడితే గడ్డానికి కుట్లు పడ్డాయి. అంతకుముందు ఇంకో పిల్లవాణ్ణి కూడా పడేసిన సంగతి వాళ్లు దాచారని దవాఖానలో ఎవరో చెబితేగాని తెలియలేదు. దెబ్బ కన్నా ఆ మోసమే ఆమెను ఎక్కువ ఏడిపించింది.

అయినా రమ్య పట్టు విడవలేదు. భర్త ధర్మేందర్ మాత్రం ఒకటే మాట చెప్పాడు.

"యాడికన్న తీస్కపో, మిర్యాలగూడకు మాత్రం వద్దు. గాడ గుర్రాలన్నీ పెండ్లి బరాత్‌ల తిరిగేటియే. నా బిడ్డను వాటి మీద ఎక్కియ్యకు."

రైస్‌మిల్లుల పని మీద వారంలో సగం రోజులు ఇక్కడే గడిపే మనిషి, ఊరికే అనడు. పిల్లంటే ఆయనకు ప్రాణం. అలాంటివాడికి ఆత్మకూర్‌లో అమ్మగారింటికని అబద్ధం చెప్పి బస్సెక్కినందుకు స్వరూప మనసు పొద్దుటి నుంచీ పీకుతూనే ఉంది.

"మీ గుర్రాలు బరాత్‌లకు పోతయంట గదా?" నిలదీసింది.

స్వారీ నేర్పే చరణ్ దాచలేదు. "పోతయక్కా. అందుకే బెదరవు. డీజేలు, పటాకులు, మీద మీద వడి ఎగిరేటోళ్లు... అన్నిటికి అలవాటైనయి."

"మాటలొద్దు. నా కండ్లతోని సూడాలె."

"అయితే గీ వీడియో సూడక్కా. మొన్న హాలియాల అయిన పెండ్లి. గిదే గుర్రం."

స్వరూప ఫోన్ అందుకుని గుర్రం కాళ్లనే చూడసాగింది. డీజే దద్దరిల్లుతోంది. కాళ్ల దగ్గరే పటాకుల లడీ పేలింది. ఒకడు ఎగురుతూ వచ్చి దాని మెడ మీద పడ్డాడు. గుర్రం ఒక్క అడుగు కూడా కదల్లేదు. ఇన్నాళ్లకు నిజం చెప్పే మనిషి దొరికాడని ఆమె గుండె కుదుటపడింది. అబద్ధం చెప్పి వచ్చినా, ఇది చూస్తే ఆయన ఏమీ అనడు.

"నా ఫోన్‌కు పంపు తమ్మీ, మా ఆయనకు సూపిస్త," అంది సంతోషంగా.

వీడియోలో పెళ్లికొడుకు తలపాగా సర్దుకుంటూ ఇటు తిరిగి నవ్వాడు. తల్లి మోచేతి కింద నుంచి తొంగిచూసిన రమ్య చప్పట్లు కొట్టింది.

"మమ్మీ, గుర్రం మీద డాడీ!"