గాలి ఆడని పూట

“పీకేద్దామమ్మా ఆ గాలిమరని. ఇంక నా వల్ల కాదు!” చెరువు గట్టు మీద నిలబడి కృష్ణమోహన్ అరిచాడు.

మృదుల గబుక్కున గాలిమరకి అడ్డంగా నిలబడింది. ఏలూరు కాలేజీలో ఆమె చేస్తున్న పరిశోధనకి, చెరువు పక్కన పెట్టిన ఆ కరెంటు గాలిమరే ఆధారం. ఇంకో నలభై రోజుల కొలతలు కావాలి. అవి లేకపోతే రెండేళ్ల కష్టం గంగలో కలిసినట్టే.

కృష్ణమోహన్ కంగారు కూడా చిన్నదేం కాదు. తెల్లారినప్పటి నుంచీ ఆకు కదల్లేదు. ఆకాశం నిండా మబ్బు. పెదపాడు దాటాక ఉన్న ఆయన పదెకరాల చేపల చెరువులో శీలావతులూ బొచ్చెలూ ఊపిరాడక పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి. నీళ్లలో గాలి కలపాల్సిన ఏరియేటర్లు మూలుగుతున్నాయి. రెండు అప్పటికే ఆగిపోయాయి.

“నాలుగొందల పదిహేను ఉండాల్సిన వోల్టేజి మూడొందల నలభైకి దిగిపోయిందండి. మోటార్లు కాలిపోతాయండి అయ్యగారూ,” అన్నాడు కాపలా ఉండే యోబు.

“విన్నారా? గాలి పడిపోగానే మీ మిషనూ పడుకుంది. ఏలూర్లో హాయిగా నా కొట్టు నేను చూసుకోకుండా, చదువుకునే పిల్ల అడిగిందని చోటిచ్చాను చూడండి, నన్నూ నా బుద్ధినీ అనాలి!”

“ఒక్క పది నిమిషాలివ్వండి బాబాయిగారూ. గాలి లేకపోయినా, దీని కరెంటుని మీ లైనుకి కలిపే ఇన్వర్టర్ పనిచేస్తుందండీ. సెట్టింగు మార్చాలి, అంతే.”

“గాలి లేకుండా గాలిమర పనిచెయ్యడమేంటమ్మా?”

మృదుల ఇన్వర్టర్ పెట్టెకి లాప్‌టాప్ తగిలిస్తూ గబగబా చెప్పింది. “పవర్ ఫ్యాక్టర్ అంటామండీ. మోటార్లకి పనిచేసే కరెంటుతో పాటు పనిచెయ్యని కరెంటు కూడా కావాలి. పెళ్లిలో పెద్దమనిషి లాంటిదనుకోండి. తిని చెయ్యి కడుక్కోవడం తప్ప ఏ పనీ చెయ్యడు. అయినా ఆయన రాకపోతే పెళ్లి జరగదు. ఆయన్ని అంత దూరం సబ్‌స్టేషన్ నుంచి మోసుకురాలేక మీ లైనులో వోల్టేజి పడిపోతోంది. ఈ పెట్టె ఆయన్ని ఇక్కడే పుట్టిస్తుంది.”

“పెద్దమనుషుల సంగతి తర్వాత. ముందు నా చేపల సంగతి చూడండి!”

ఆ సెట్టింగు కాలేజీ ల్యాబులో తప్ప బయటెక్కడా ఆమె వాడి చూడలేదు. ఆ మాట పైకి అనలేదు. దేవుడి మీద భారం వేసి బటన్ నొక్కింది.

పెట్టెలో టక్‌మంది. మిగిలిన ఏరియేటర్లు కూడా ఆగిపోయాయి. చేపలు గుటకలు వేస్తున్న చప్పుడు తప్ప గట్టు మీద ఇంకే చప్పుడూ లేదు.

“అయిపోయింది! నా కొంప ముంచేశారు!” కృష్ణమోహన్ తల పట్టుకుని కూలబడ్డాడు.

మృదులకి ఏడుపొచ్చేసింది. కళ్లు తుడుచుకుని తెర మీదికి చూసింది. తొందరలో అంకె ఎక్కువ వేసింది; వోల్టేజి ఒక్కసారే ఎగిరి అన్నీ ఆగిపోయాయి. దాన్ని సగానికి తగ్గించింది.

“యోబు గారూ, ఇప్పుడు వెయ్యండి. ఒక్కొక్క మోటారే, నెమ్మదిగా!”

మొదటి ఏరియేటర్ అందుకుంది. తర్వాత రెండోది. యోబు మీటరు మీద నుంచి చూపు తిప్పకుండా చదువుతున్నాడు. “మూడొందల అరవై అండి... ఎనభై అండి... తొంభై అయిదండి!”

చెరువు నిండా నీళ్లు చిమ్ముతున్నాయి. అరగంట గడిచేసరికి తేలిన చేపలు ఒక్కొక్కటే లోపలికి దిగిపోయాయి. గాలిమర రెక్కలు మాత్రం ఇంకా అలాగే బిగుసుకుని ఉన్నాయి.

కృష్ణమోహన్ కండువాతో మొహం తుడుచుకున్నాడు. “నన్ను బతికించారమ్మా. అయితే గాలి అసలు లేకపోయినా ఈ పెట్టె ఇలాగే పనిచేస్తుందంటారా?”

“చేస్తుందండీ. ఏడాది పొడుగునా, ఇరవై నాలుగ్గంటలూ!” గర్వంగా చెప్పింది మృదుల. నలభై రోజుల కొలతలూ చేతికి వచ్చేసినట్టే అనిపించింది.

“ఒరేయ్ యోబూ, ఈ పెట్టె తడవకుండా పైన రేకు వెయ్యి. ఆ రెక్కలతో ఇంక పనేముంది, వాటిని దింపి, ఓ ఆటో పిలిచి అమ్మాయిగారితో పంపించెయ్!”