నిండుకున్న బియ్యం

“బియ్యం లేవు అనకూడదే, నిండుకున్నాయనాలి. మీ ఇంట్లో ఆమాత్రం నేర్పలేదూ?” అని అత్తగారు భ్రమరాంబ కసిరారు.

“సరే, నిండుకున్నాయి!” అంది ఐదో నెల గర్భిణి హైమ.

వంటింటి గోడపెట్టె ఆ మాటను సరఫరా కేంద్రానికి పంపింది. సిగ్నల్ మూడుసార్లు తెగినా, “అందింది” అని జవాబొచ్చేదాకా పంపుతూనే ఉంది. డబ్బా నిండుగా ఉందనుకుని కేంద్రం ఆ నెల బియ్యం ఆపేసింది. బియ్యం అమ్మే కొట్లు ఎప్పుడో మూతపడ్డాయి.

హైమ మొరపెట్టుకుంటే, “మీ మాట ఒక్క అక్షరం పోకుండా చేరిందండీ. చేరినదాన్ని మార్చలేం” అన్నారు కేంద్రంవాళ్లు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర భ్రమరాంబ కొడుకు, హైమ మొగుడు, తలెత్తకుండా అన్నం కలుపుకుంటున్నాడు. ఆవిడ అతనికి మారు వడ్డించి, హైమతో “అడుగున మిగిలినవి మా ఇద్దరికే సరి. పై నెల దాకా నీకు వార్చిన గంజే” అన్నారు.